పాఠం కొండ దిగదా?

దూరదూరంగా ఉన్న బడులను తెరతో కలిపి ఒకేసారి పాఠం చెప్పడాన్ని ఉమ్మడి తరగతి అంటున్నాం. శిక్షణ సమావేశాల్లో ఈ మాట విన్నప్పుడల్లా నాకొక సందేహం. ఇందులో కలిసింది ఏమిటి? పలాసలోనో టెక్కలిలోనో ఒక మాస్టారు కెమెరా ముందు నిలబడతారు. మందస, మెళియాపుట్టి కొండల్లో మన పిల్లలు చాపల మీద కూర్చుని చూస్తారు. పాఠం ఎప్పుడూ దిగువ నుంచి కొండెక్కుతుంది. కొండ మీంచి దిగువకు దిగిన పాఠం ఎక్కడైనా ఉందా?

ఇది ఇవాళ్టి అలవాటు కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు అమెరికా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 ఊళ్లకు టీవీ పాఠాలు చూపారు. వాటిలో మన రాష్ట్రం కూడా ఉంది. 2004 సెప్టెంబరులో శ్రీహరికోట నుంచి ఎడ్యుశాట్ లేచింది, అది చదువు కోసమే పంపిన ఉపగ్రహం. ఉమ్మడి రాష్ట్రంలో మన టీవీ వచ్చింది. బొమ్మ ఒకవైపు నుంచే వచ్చేది, అనుమానం ఉంటే ఫోను చేసి అడగాలి. 2020లో కరోనా వచ్చి బడులు మూతపడితే దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వేశారు. పాఠాలు చెడ్డవని నేననను. కొన్ని చాలా బాగా తయారుచేశారు. కానీ చెప్పేవారికి వినేవాడి ముఖం కనబడదు. అర్థంకాని పిల్లవాడు తల దించుకుంటే, ఆ దించుకున్న తలను ఎవరు చూస్తారు?

మన పిల్లల విషయంలో ఇంకో చిక్కు భాష. ఒకటో తరగతికి వచ్చే సవర గుంటడికి టెక్కలి తెలుగే కొత్త, ఇప్పుడు ఆ పైన ఇంగ్లీషు. ఈ సంగతి ప్రభుత్వానికి తెలియనిది కాదు. 2004లో 8 గిరిజన భాషల్లో, 240 బడుల్లో మాతృభాషలో చదువు మొదలుపెట్టింది. అందులో సవర ఒకటి. తెర పాఠాలు తయారయ్యేటప్పుడు ఆ అనుభవం ఎవరికీ గుర్తురాదు. మా మాటల్లో గొంతు దగ్గర ఠక్కున బిగిసి ఆగే ధ్వని ఒకటుంది. తెలుగు అక్షరాల్లో అది ఇమడదు. సిగ్నల్ బాగాలేని ఫోనులో అసలే వినబడదు.

గిడుగు రామమూర్తి పంతులు గారిని తెలుగువాళ్లు వాడుక భాష కోసం తలుచుకుంటారు. పర్లాకిమిడిలో ఉంటూ ఆయన ముందు సవర నేర్చుకున్నారు, ఆ తర్వాతే సవరలకు బడులు పెట్టారు. 1931లో అచ్చయిన ఆయన సవర భాషా గ్రంథం ఆ నేర్చుకోవడం నుంచి వచ్చినదే. ఆయనకు తెర లేదు, సిగ్నల్ లేదు. ముందు చెవి ఒగ్గారు.

దక్షిణ అమెరికాలో ఉరుగ్వే అనే చిన్న దేశం ఉంది. ఇంగ్లీషు చెప్పే టీచర్లు చాలక 2012లో వీడియో ద్వారా పాఠాలు మొదలుపెట్టింది. వారానికి మూడు పీరియడ్లు. ఒక్కటే తెర మీద, వేరే ఊళ్లో, ఒక్కోసారి వేరే దేశంలో ఉన్న టీచరు చెబుతారు. మిగతా రెండూ గదిలో ఉన్న టీచరే నడపాలి. ఆమెకు ఇంగ్లీషు సరిగా రాకపోయినా ఫరవాలేదు, పిల్లలు ఆమెకు తెలుసు. ఇద్దరూ వారం వారం మాట్లాడుకుని పాఠం సర్దుకుంటారు. అక్కడ తెర వచ్చి గదిలోని టీచరును తీసెయ్యలేదు.

మన దగ్గర భయం సరిగ్గా అదే. ఏకోపాధ్యాయ బడిలో ఐదు తరగతులు ఒక్కడి మీద పడుతున్నాయి. 2022లో 117 నంబరు జీవో 3, 4, 5 తరగతులను ఉన్నత పాఠశాలలకు తరలించింది. తర్వాత దాన్ని రద్దు చేశారు గానీ, బడి ఎంత సులువుగా కదిలిపోతుందో మన తల్లిదండ్రులు చూశారు. తెరను రెండో టీచరుగా లెక్కేసే రోజు వస్తే ఆ ఖాళీ ఇక నిండదు. కరెంటు సంగతి సరేసరి. 2018 అక్టోబరులో తిత్లీ కొట్టినప్పుడు ఉద్దానమంతా రోజుల తరబడి చీకట్లో ఉంది.

అలాగని తెర వద్దనను. శిక్షణలో నాతో చదివిన ఒకామె వజ్రపుకొత్తూరు వైపు తీరంలో పనిచేస్తోంది. ఒక మార్చిలో, జీడిపిక్కలు రాలే రోజుల్లో, వారానికో అరగంట మా రెండు బడుల పిల్లలను ఫోనులో కలిపాం. అక్కడి పిల్లల ఇళ్లలో పిక్కలు 80 కిలోల బస్తా లెక్కన అమ్ముతారు. మా పిల్లల ఇళ్లలో సంతకు మోసుకెళ్లి కుంచంతో కొలిచి ఇచ్చేస్తారు. ఎవరికి ఎక్కువ ముడుతోంది అని అటువైపు నుంచి ఒక పిల్ల అడిగింది. కుంచంలో ఎన్ని కిలోలు పడతాయో మాకెవరికీ తెలియదు. ఫోను కట్టేసి, తరాజు అరువు తెచ్చి, తూచి చూశారు. రెండు కుంచాలు రెండు రకాలుగా తూగాయి. మరుసటి వారం ఆ లెక్కను మా నాలుగో తరగతి పిల్లే అటువైపు వాళ్లకు చెప్పింది, సగం సవరలో, సగం తెలుగులో. సగం అర్థంకాక వాళ్లే మళ్లీ మళ్లీ అడిగారు. ఆ నెలంతటిలో అసలు చదువు జరిగింది ఫోను కట్టేసిన ఆ వారంలోనే అంటాను.

ఇలాంటిది సర్కారు తలుచుకుంటే పెద్దగా చెయ్యగలదు. మన పిల్లలు పై చదువులకు కొండ దిగి పలాస, టెక్కలి వైపు హాస్టళ్లలో ఉంటున్నారు. అక్కడ సవర వచ్చిన టీచరు దొరకడం కష్టం. కొండ మీది బడిలో సవర మాస్టారు, మాతృభాషా వలంటీరు ఉన్నారు. వారానికి రెండు పీరియడ్లు కెమెరా మా వైపు పెట్టి, హాస్టలు పిల్లలను అటు కూర్చోబెడితే చాలు. వాళ్లతో చదివే తెలుగు పిల్లలూ కూర్చోవచ్చు. దీనికి కొత్త సామాను ఏమీ అక్కర్లేదు. పాఠం చెప్పే మాస్టారి పేరు టైం టేబుల్లో రాయాలి, ఆ పోస్టు ఉంచాలి.