ఎఱుగనివారికై వగచుట

ఎన్నడును చూడనివాడు, పేరు మాత్రమే విన్నవాడు, లేక పేరైన విననివాడు చనిపోయినప్పుడు మనము దుఃఖించుట అర్థవంతమా, కాక వట్టి వేషమా? ఇది వేదాంతుల కాలక్షేపమువలె గానవచ్చును గాని, నివాళిపద్యమను రచనాజాతి మన పత్రికలలో బ్రతికియున్నంతకాలము సాహిత్యప్రశ్న కూడ నగును. పేరుగలవాడు మరణించిన మూడవనాటికి ఈ పద్యములు కుప్పలుగా వచ్చిపడును. వానిలో సూర్యుడు అస్తమించును, దిక్కులు రోదించును, కల్పవృక్షము కూలును. ఒకని పేరు తీసి మఱియొకని పేరు పెట్టినను యతిప్రాసలకు దప్ప భావమునకు భంగము కలుగదు. అట్టి పద్యమున కన్నీరెంతయైన నుండవచ్చును. చనిపోయినవాడు మాత్రము లేడు.

పరులకై యేడ్చుట యనునదే లేదు, ఏడ్చువాడు తనకొఱకే యేడ్చునని వాదించువారు కలరు. 1895లో మదనపల్లెలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి మన శోకములో చాలభాగము ఆత్మానుకంపయే యని తన ప్రసంగములలో పలుమాఱు చెప్పెను. 1925లో ఓడపై పయనించుచు సొంత తమ్ముని మరణవార్త విని కుమిలిపోయినవాని మాట గనుక దీనిని తేలికగా త్రోసివేయరాదు. సోమల, సదుము, పుంగనూరు పల్లెలలో చావింటికి పోయినవారు దీనికి సాక్ష్యము వెదకనక్కఱలేదు. దూరపు చుట్టమైన యొక ముసలమ్మ వచ్చి, ఆ యింటి యాడుదానిని కౌగిలించుకొని శోకములు తీయనారంభించును. నాలుగు మాటలు గడచునప్పటికి చనిపోయినవాని పేరు పోయి, ఎప్పుడో పోయిన తన కొడుకు పేరు వచ్చును. హోమరు ఇలియడ్డునందును పట్రోక్లసు శవముచుట్టు మూగిన చెఱపడిన స్త్రీలు పైకి ఆతనికొఱకు, లోలోపల ఎవరి కష్టమునకు వారు, ఏడ్చిరని యున్నది. అయినను మా యభిప్రాయమున ఆ ముసలమ్మ యేడ్పు దొంగయేడ్పు కాదు. తన కొడుకు చావు తెలిసినది గనుకనే ఈ యింటి చావు ఆమెకు తెలియుచున్నది. చుట్టుపట్ల నున్నవారెవరును ఆమెను తప్పుపట్టరు. తత్త్వవేత్తకంటె వారికి ఈ విషయము బాగుగా తెలియును.

చిత్తూరు సీమలో ద్రౌపదీధర్మరాజుల గుడులయొద్ద భారతము జరుపుట వాడుక. పదునెనిమిది దినములు పగలు హరికథ, రాత్రి వీధినాటకము. కడపట, మట్టితో నేలపై భారీగా మలచిన దుర్యోధనుని ప్రతిమకడ వధ నడచును. పిమ్మట నిప్పులగుండము త్రొక్కుదురు. ఆ కోలాహలములో భీముని గదకు చప్పట్లు కొట్టి యిల్లు చేరువారు, దాని తరువాతి కథను మఱచిపోవుదురు. మా ప్రశ్నకు జవాబు ఆ తరువాతి కథలోనే యున్నది.

యుద్ధము ముగిసినది. గాంధారి తన నూర్గురిని పోగొట్టుకొనియు, పగవారి బిడ్డయైన అభిమన్యుని శవముకడ నుత్తర పడు బాధను కృష్ణునకు చూపి విలపించును. పిదప గంగయొడ్డున పాండవులు తమవారికి తర్పణములు విడుచువేళ కుంతి నోరు తెఱచి, కర్ణునకును విడువుడు, ఆతడు మీ యన్న యని చెప్పును. అంతకు ముందు క్షణమువఱకు కర్ణుడు ధర్మరాజునకు పగవాడు. వాడు కూలిన దినమున ధర్మరాజు ఊరట చెందెను. ఇప్పుడు అదే చావునకై రాజ్యమును రోయునంతగా కుములుచున్నాడు. చచ్చినవాడు వాడే, చంపినవాడు తమ్ముడే. క్రొత్తగా వచ్చినది ఒక్క మాట మాత్రమే. దీనిని బట్టి, చుట్టఱికము తెలిసిన తరువాతనే గదా యేడ్చెను, పరునికై యేడ్వలేదు గదా యని యాక్షేపింపవచ్చును. కాని సంస్కృతభారతమున శాంతిపర్వారంభమునందు ధర్మరాజు నారదునితో చెప్పుకొనిన మాట యొకటి కలదు. జూదపుసభలో కర్ణుని పరుషవాక్యములకు తాను మండిపడినను, ఆతని పాదములు చూడగానే కోపము చల్లారెడిదట. అవి తల్లి పాదములను పోలియుండెనట. కారణము మాత్రము నాడు తోపలేదట. పదునెనిమిది యక్షౌహిణుల కథలో ఇంత చిన్న వస్తువును ఇంత పెద్ద పనికి వాడుట మహాకవికే చెల్లును. పరునికై యేడ్వవచ్చునా యని యడుగువాడు, పరుడెవరో ముందే తేలిపోయినదని తలచుచున్నాడు. భారతకవి ఆ తేల్చుటను ఒప్పుకొనడు.

మన తర్పణవిధిలోను బంధువులు కానివారికిని దోసెడు నీళ్లు విడుచుట కలదు. పురోహితుడు తొందరపెట్టుటచేత కర్త దాని యర్థము తెలియకయే విడిచిపెట్టుచుండుట వేఱుమాట.

ఇక మన కాలపు సంగతి. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై. యస్. రాజశేఖరరెడ్డి రచ్చబండ కార్యక్రమమునకై హైదరాబాదునుండి చిత్తూరు జిల్లాకు బయలుదేఱిన హెలికాప్టరు నల్లమలలో పావురాలగుట్టకడ కూలినది. ఆయనను ఎన్నడును దగ్గఱనుండి చూడని లక్షలమంది యేడ్చిరి. దానిని మూఢత్వమని నవ్వినవారితో మేము ఏకీభవింపము. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీవలన బిడ్డకు గుండెకోత జరిగి బ్రతికిన తల్లికి ఆయన పరుడెట్లగును? రాజకీయములలో ఆయనను మెచ్చనివారును ఆ తల్లి కన్నీటిని గౌరవింపవలెను. కాని ఆ వార్త విని ప్రాణములు తీసికొనినవారిని గూర్చియు పత్రికలలో వార్తలు వచ్చినవి. వారి యిండ్లలో ఏడ్పు ఎవరిది? ఎఱుగనివానికై పోయినవాడు, తన్నెఱిగిన భార్యాబిడ్డలకు నిజమైన చావును తెచ్చిపెట్టెను. వారిని నిందించుటకు మాకు నోరు రాదు; వారి చావును భక్తియని కీర్తించిన వ్రాతలను మాత్రము నిందింపక తప్పదు.

ఆ హెలికాప్టరునందే మఱి నలుగురు చనిపోయిరి: ఇద్దఱు చోదకులు, ఒక కార్యదర్శి, ఒక భద్రతాధికారి. మేము చదివిన నివాళిపద్యములలో ఆ నలుగురు లేరు. 2021 మే 10వ తేదీ రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ప్రాణవాయువు ఒత్తిడి తగ్గి 11 మంది రోగులు మరణించిరని అధికారులు ప్రకటించిరి. ఆ 11 మందికి పద్యము వ్రాసినవారిని మేము చూడలేదు. ఆ దినములలో బంధువులే శవమును ముట్ట వెఱచి తప్పుకొనగా, ముక్కుమొగము తెలియనివారు మోసి దహనమో ఖననమో చేసిన సంఘటనలు ఎన్నియో ఊళ్లలో జరిగినవి. అనాథప్రేతమునకు సంస్కారము చేసినవానికి అశ్వమేధఫలమని మన పెద్దలు చెప్పుచుండిరి. ఆ ఫలమును ఆశింపకయే కొందఱు ఆ పని చేసిరి. వారు ఏడ్చిరో లేదో ఎవరును అడుగలేదు.

పేరులేని చావునకు పద్యము కట్టుట సాధ్యముకాదని కవులు తప్పించుకొనరాదు. గుఱ్ఱము జాషువ శ్మశానవాటికను వ్రాసెను. అందు మృతులలో చాలమందికి పేరు లేదు. ఆ పద్యములను హరిశ్చంద్ర నాటకములో కాటిసీనున నటులు పాడగా పల్లెలలో జనము నిశ్శబ్దముగా విన్నారు. అందు దిక్కులు రోదించుటకు మాఱుగా, ఒక్కొక్క చావుతో నిలిచిపోయిన పని కంటబడును: కవి కలము, చిత్రకారుని కుంచె. చదువరి కన్నీరు అచ్చట తగులుకొనును. అదే జాషువ 1948లో గాంధిమహాత్ముని నిర్యాణమునకు బాపూజీ యను కావ్యమును వ్రాసెను. లోకమంతయు నెఱిగిన యొక్కనికై శోకించిన కలము, లోకమెఱుగని యందఱికై శోకించిన కలము ఒక్కటే. మాకు రెండవదియే కష్టతరముగ తోచును.

కావున నివాళిపద్యములు పంపు కవులకు మా విన్నపము: చనిపోయినవాడు చేయుచుండి విడిచిపోయిన పని యేమి, ఆతని వెనుక ఎవరు మిగిలిరి — ఈ రెండును పద్యములో నుండవలెను. మృతుడు ముఖ్యమంత్రి యైనను, ఆయన వాహనచోదకు డైనను మాకు సమ్మతమే. యతి తప్పినచో మేమే దిద్దుకొందుము.