జాబితాలో లేని రైతు

ఈ వారం ఒక ఎం.ఏ. విద్యార్థిని తన డిజర్టేషన్ ముసాయిదా పంపింది. పల్నాడు మిర్చి కౌలు రైతుల అప్పుల మీద. విషయం చూసి సంతోషించాను. మూడో అధ్యాయంలో 'శాంపిల్ 384 మంది, రాండమ్‌గా తీసుకున్నాం' అన్న వాక్యం దగ్గర మనసు చివుక్కుమంది.

ఈ 384 మీద నా కోపం ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్తకాదు. పెద్ద జనాభాలోంచి చీటీలు వేసి తీస్తే, ఒక నిష్పత్తిని 95 శాతం నమ్మకంతో, అటూ ఇటూ 5 శాతం తేడాలో చెప్పడానికి ఆ సంఖ్య చాలు. చీటీలు వేయనప్పుడు 384కీ 84కీ ఒకే గతి. 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికల ముందు లిటరరీ డైజెస్ట్ పత్రిక దాదాపు కోటి మందికి బ్యాలెట్లు పంపింది, ఇరవై లక్షలకు పైగా తిరిగొచ్చాయి, లాండన్ గెలుస్తాడని రాసింది. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. పేర్లు తీసింది చాలావరకు టెలిఫోన్ డైరెక్టరీల నుంచి, కార్ల రిజిస్ట్రేషన్ల నుంచి. పైగా జవాబు రాసినవాళ్లు వేరు, రాయనివాళ్లు వేరు.

గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ గురించి ఎన్నిసార్లు రాసినా నాకు తనివి తీరదు. బెంగాల్ జనపనార సర్వేల్లో ఆయన ఒకే ప్రాంతం నుంచి విడివిడిగా శాంపిళ్లు తీయించి, వేర్వేరు బృందాలకు అప్పగించి, లెక్కలు పక్కపక్కన పెట్టి చూసేవాడు. పొలంలో జరిగే పొరపాటు అక్కడే బయటపడేది. ఆ శ్రద్ధను తలచుకునే ఆ అమ్మాయికి ఫోన్ చేశాను: రెవెన్యూ జాబితా తెచ్చుకో, చీటీలు వెయ్యి.

"సార్, అందులో ఉండేది పట్టాదారులే కదా" అంది.

నిజమే. మాట మీద నడిచే కౌలుకు కాగితం ఉండదు. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద ఇచ్చే సాగుదారు కార్డుకు యజమాని సంతకం కావాలి. ఆ కార్డుల జాబితాలో చీటీ వేస్తే యజమాని ఒప్పుకున్నవాళ్లే వస్తారు. సంతకం దొరకనివాడికి బ్యాంకు తలుపూ అంత తేలిగ్గా తెరుచుకోదు. అప్పుల కథ వాడి దగ్గరే ఉంది. ఇక్కడ చీటీలు పట్టుకు కూర్చుంటే అసలు మనిషే జారిపోతాడు.

అందుకని ఊళ్లను మాత్రం చీటీ వేసి ఎంచుకోమన్నాను. ప్రతి ఊళ్లో రెండు మూడు పేటల నుంచి మొదలుపెట్టి, ఒక కౌలు రైతు చెబితే ఇంకొకరి దగ్గరికి వెళ్లమన్నాను. పురుగుమందుల కొట్టు యజమాని చూపించినవాళ్లతోనే ఆగితే అతని ఖాతాదారులే దొరుకుతారు. నలభై మందైనా సరే, ఎవరి ద్వారా ఎవరు దొరికారో, ఎవరు మాట్లాడనన్నారో అరపేజీ రాయాలి. జిల్లా మొత్తానికీ శాతాలు కట్టకూడదు. గైడ్ 384 కావాలని పట్టుబడితే నాతో మాట్లాడించమన్నాను.