దారిని లెక్కపెట్టిన రాత

యాత్రాచరిత్ర అంటే, ఒక మనిషి తాను తిరిగిన దారిని, ఆ దారిలో ఎదురైన నేలను, నీటిని, మనుషులను, వారి దేవుళ్లను, వాటి మధ్య తన మనస్సులో వచ్చిన మార్పును చూసినది చూసినట్టు రాసిపెట్టిన వచన గ్రంథం. తెలుగులో ఈ ప్రక్రియ నవలకంటే, కథానికకంటే, ఆత్మకథకంటే వయసులో పెద్దది. ప్రకృతి పరిశీలన, మతజిజ్ఞాస, పరాయి సంస్కృతుల పరిచయం అనే మూడు పాయలూ ఒక్కచోట కలిసి పారేది కూడా ఇందులోనే. ఇంత పెద్దరికం ఉన్నా సాహిత్య చరిత్రల్లో దీనికి దక్కేది తరచు చివరి పుటల్లో ఒక పేరా మాత్రమే కావడం తెలుగువారు తమ ఇంటి సొత్తుకు తామే చేసుకున్న అన్యాయం.

యాత్రమీద మోజు తెలుగు కవిత్వానికి కొత్త కాదు. శ్రీనాథుడు కాశీఖండం, భీమఖండం రాశాడు. పల్నాటి సీమలో తాను పడిన తిండి తిప్పలను చాటువుల్లో వెళ్లబోసుకున్నాడని ప్రతీతి. పెద్దన మనుచరిత్రలోని ప్రవరుడు ఇల్లు కదలని గృహస్థుడైనా, తీర్థాలు సేవించి వచ్చిన ప్రతి అతిథినీ కూర్చోబెట్టి ఆ విశేషాలు అడిగి తెలుసుకునేవాడు. సిద్ధుడు ఇచ్చిన పాదలేపం, అంటే కాళ్లకు పూసుకుంటే కోరినచోటికి చేర్చే పసరు, పూసుకుని క్షణంలో హిమాలయం చేరాడు, మంచుకు ఆ పసరు కరిగిపోగానే తిరిగి వచ్చే తోవ తెలియక చిక్కుపడ్డాడు. పాదలేపంతో వెళ్లినవాడు కొండను చూశాడు గాని ఆ కొండకు వెళ్లే తోవలో ఒక్క ఊరి పేరైనా చెప్పలేడు. తెలుగు యాత్రాచరిత్రకారుల్లో ఉద్దండులైనవారు పాదలేపం లేకుండా, ఊరూ ఊరూ లెక్కపెట్టుకుంటూ వెళ్లినవారు.

వారిలో మొదటివారూ, ఇప్పటికీ మొదటి పీట వదలనివారూ ఏనుగుల వీరాస్వామయ్య. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటర్‌గా, అంటే దేశభాషల్లో సాక్షులు చెప్పిన మాటను న్యాయమూర్తులకు ఇంగ్లీషులో వినిపించే దుబాసీగా పనిచేసిన ఈయన, 1830 మే 18న దాదాపు నూరుమంది పరివారంతో మద్రాసులో బయలుదేరి, తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు, జబల్‌పూరు, ప్రయాగల మీదుగా కాశీ చేరి, గయ, కలకత్తా, పూరీ జగన్నాథం, శ్రీకాకుళం, రాజమహేంద్రవరం, నెల్లూరు దారిన 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. దేశంలో రైలుబండి పరుగెత్తడానికి ఇంకా ఇరవై ఏళ్లకు పైగా ఉంది; కాశీకి పోయినవాడు, కాటికి పోయినవాడు ఒకటేనని జనం అనుకునే కాలమది. పదిహేను నెలలు దాటిన ఆ ప్రయాణంలో చూసినదంతా ఆయన దినచర్యగా రాసి, మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకు జాబులుగా పంపుతూ వచ్చారు. 1836లో వీరాస్వామయ్య కన్నుమూసిన తర్వాత పిళ్లె వాటిని కూర్చి, 1838లో కాశీయాత్ర చరిత్ర పేరుతో మద్రాసులో అచ్చు వేయించారు.

ఆ గ్రంథ శిల్పంలో మొదట గుర్తించవలసినది మజిలీల కూర్పు. మజిలీ అంటే ఒక రోజు నడక ముగించి బస చేసే ఊరు. ప్రతి మజిలీకీ వీరాస్వామయ్య వేసుకునే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి: ముందటి ఊరికి ఎంత దూరం, దారి రాతినేలా, ఇసుకా, రేగడా, మధ్యలో ఏ వాగు తగులుతుంది, దాన్ని దాటే సాధనం ఏమిటి, ఊళ్లో దిగడానికి సత్రమో ముసాఫరుఖానాయో ఉందా, బావినీళ్లు తాగదగినవా, అంగళ్లలో ఏ సరుకులు దొరుకుతాయి. దూరాన్ని ఆమడల్లో, క్రోసుల్లో చెబుతారు. క్రోసు సుమారు రెండు మైళ్లు, ఆమడ సుమారు ఎనిమిది మైళ్లు. పైపైన చదివేవారికి ఇదంతా పొడి జాబితాగా కనిపించవచ్చు గాని, ఓపికగా పాతిక పుటలు చదివినవారికి ఆ జాబితాలోనుంచే నేల మెల్లగా రంగు మారడం, నీటి రుచి మారడం, పలకరింపులు మారడం, చివరికి దేశమే మారడం తెలిసివస్తుంది. ఎక్కడా కొండను చూసి నోరు తెరిచి పొగడకుండానే, ఆ కొండ ఎక్కిన బోయీల, అంటే పల్లకీ మోసేవారి, కష్టాన్ని పాఠకుడి భుజంమీదికి దింపగలగడం సామాన్యమైన విద్య కాదు. వర్ణన లేకుండా వర్ణించడంలో ఆయనకు సాటి రాగల వచన రచయిత ఆ శతాబ్దంలో మరొకరు లేరు.

రెండో మెళకువ ఆయన ఉద్యోగంనుంచే వచ్చినట్టు తోస్తుంది. సాక్షి చెప్పినదానికి ఒక మాట కలపకూడదు, ఒక మాట తీయకూడదు అనేది దుబాసీ ధర్మం. ఆ కట్టుబాటే దారిపొడుగునా ఆయన కలాన్ని నడిపింది. శ్రీశైలంలో కందనూరు నవాబు యాత్రికులనుంచి పన్ను రాబట్టుకుంటూ క్షేత్రం బాగోగులు గాలికి వదిలేసిన తీరును రాసేటప్పుడు ఆయన తిట్టరు, ఏడవరు. ఎవరు ఎంత తీసుకుంటారో, దానికి బదులుగా యాత్రికుడికి ఏమి దక్కదో చెప్పి ఊరుకుంటారు. తీర్పు చదివేవారే ఇచ్చుకుంటారు. నిజాం రాజ్యంలోని సుంకాలు, ఇంగ్లీషువారి సీమల్లోని బాటలు, తీర్థాల్లో పండాలు దక్షిణ గుంజే పద్ధతి, హైదరాబాదు వీధులు, హుస్సేన్‌సాగరు కట్ట, అన్నీ ఆ కళ్లముందు ఒకే తూకంలో తూగాయి.

భక్తుడి యాత్ర కావడంవల్ల ఇందులో మతజిజ్ఞాసకు పెద్ద పీట ఉన్నది. వీరాస్వామయ్య స్నానం, దానం, శ్రాద్ధం ఏదీ వదలని ఆచారపరుడు. అయినా ఉత్తరాది బ్రాహ్మణుల ఆచారాలు దక్షిణాదివాటినుంచి ఎక్కడ విడిపోతాయో చూసినప్పుడు, తనది ఒప్పు, ఎదుటివారిది తప్పు అని తేల్చేయకుండా ఆ తేడాకు కారణమేమై ఉంటుందని వెతకడం ఆయన మనసులోని విశాలత్వం. తన గూటికి కడు దూరం పోయిన తర్వాతే తన ఆచారం కూడా అనేక ఆచారాల్లో ఒకటి అని మనిషికి తెలుస్తుంది. ఈ ఎరుకను తెలుగు వచనంలో మొట్టమొదట నమోదు చేసిన ఘనత ఒక కోర్టు ఉద్యోగిది.

ఇక భాష సంగతి. కాశీయాత్ర చరిత్ర ఆనాటి పెద్దమనుషులు ఇంట్లో, కచేరీలో మాట్లాడుకున్న తెలుగులో ఉన్నది. అరవం, ఉర్దూ, ఇంగ్లీషు మాటలు అవసరమైనచోట మొహమాటం లేకుండా వచ్చి కూర్చుంటాయి. గిడుగు రామమూర్తి వాడుకభాష కోసం నడుం కట్టడానికి ఇంచుమించు ఎనభై ఏళ్ల ముందే ఆ భాషలో ఒక మహాగ్రంథం తయారై ఉంది. పాఠ్యపుస్తకాలు మాత్రం తెలుగు వచనానికి దారి వేసినవారి పేరు చెప్పవలసివచ్చినప్పుడల్లా 1853 నాటి చిన్నయసూరి నీతిచంద్రికనే ముందు నిలబెడతాయి. సూరి పాండిత్యం గొప్పదే, ఆయన వాక్యం అందమైనదే. కానీ ఆయన చెప్పినవి సంస్కృతంనుంచి వచ్చిన కథలు, వీరాస్వామయ్య చెప్పినది ఎండలో నడిచి తెచ్చిన సంగతి. పదిహేనేళ్ల ముందు అచ్చయిన గ్రంథాన్ని వెనక్కి నెట్టడం న్యాయం అనిపించుకోదు. 1941లో దిగవల్లి వేంకట శివరావు ఎంతో శ్రమపడి పీఠికతో, వివరణలతో దీన్ని మళ్లీ అచ్చు వేయించకపోతే ఈపాటికి ఈ పేరు పరిశోధకుల చీటీల్లో మాత్రమే మిగిలేది. బెజవాడ వకీలు ఒకరు చేసిన ఆ పుణ్యానికి తెలుగు జాతి ఇంకా ఋణం తీర్చుకోలేదు.

తర్వాతి కాలంలో ఈ విద్య అనేక చేతుల్లో అనేక రూపాలు పొందింది. మద్రాసు స్త్రీ పోతం జానకమ్మ రాఘవయ్య ఇంగ్లండు ప్రయాణాన్ని తెలుగులో రాయగా, దాని ఇంగ్లీషు రూపం 1876లో వెలువడింది. శ్రీశ్రీ చైనా యానం, నాయని కృష్ణకుమారి కాశ్మీర దీపకళిక అందరూ ఎరిగినవే. అయితే ప్రకృతిని, విశ్వాసాన్ని, పరదేశాన్ని ఒకే బతుకులో ముడివేసినవారి పేరు అడిగితే మొదట చెప్పవలసినది స్వామి ప్రణవానంద పేరు. 1896లో గోదావరి సీమలో కనకదండి వేంకట సోమయాజులుగా పుట్టి, జాతీయోద్యమంలో పనిచేసి, సన్యసించిన ఈయన 1928లో మొదటిసారి టిబెట్టులోని కైలాస మానససరోవరాలకు వెళ్లారు. 1935 నుంచి ఏటేటా వెళ్లసాగారు. 1936-37లో సరస్సు ఒడ్డున ఒక బౌద్ధ మఠంలో ఏడాదిపాటు ఉండిపోయారు. తెలుగు నేలమీద పుట్టినవాడు ఎముకలు కొరికే ఆ చలిలో కూర్చుని, నీరు ఏ రోజు గడ్డకట్టింది, మంచుపలక ఎక్కడ చీలింది, చీలినప్పుడు ఎలాంటి చప్పుడు వచ్చింది, ఏ రోజు కరిగింది అని రాసుకున్నాడంటే ఒళ్లు గగుర్పొడుస్తుంది. సింధు, బ్రహ్మపుత్ర, శతద్రు, కర్నాలి నదుల పుట్టుక ఎక్కడన్న ప్రశ్నమీద స్వీడను దేశపు అన్వేషకుడు స్వెన్ హెడిన్ నిర్ణయాలనే ఆయన కాదన్నారు. పడవమీద తిరిగి సరస్సు లోతును కొలిచారు. భక్తుడికి అది శివుడి నివాసం, బౌద్ధుడికి అది పవిత్ర క్షేత్రం, భూగోళ శాస్త్రజ్ఞుడికి అది కొలవవలసిన జలరాశి. ఈ ముగ్గురి చూపులూ ప్రణవానందలో పోట్లాడుకోకుండా కలిసి బతికాయి. 1976లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. ఆయన ప్రధాన గ్రంథాలు ఇంగ్లీషులో వెలువడినందువల్ల ఈ పేరు తెలియని తెలుగు పట్టభద్రులు వేలల్లో ఉండడం బాధాకరం.

గుంటూరు జిల్లా తుమ్మపూడికి చెందిన సంజీవదేవ్ పద్ధతి వేరు. 1914లో పుట్టిన ఈ చిత్రకారుడు యౌవనంలోనే హిమాలయాల్లో తిరిగి, కులూ లోయలోని నగ్గర్‌లో రష్యన్ చిత్రకారుడు నికొలాయ్ రోరిక్ సాన్నిధ్యం పొందారు. తెగిన జ్ఞాపకాలులో ఆయన ఆమడలు లెక్కపెట్టలేదు, వెలుగును లెక్కపెట్టారు: మంచుకొండమీద ఉదయానికీ మధ్యాహ్నానికీ రంగు ఎట్లా మారుతుంది, ఆ మార్పుకు మనిషిలో ఏది కదులుతుంది అన్నదే ఆయనకు పట్టిన సంగతి. మాచవరపు ఆదినారాయణ భ్రమణ కాంక్షలో ఈ విద్య మళ్లీ కాళ్లమీదికి వచ్చింది. విశాఖపట్నంలో లలితకళలు బోధించిన ఈ ఆచార్యుడు చేతిసంచితో కాలినడకన దేశం తిరిగి, ముక్కూ మొహం తెలియని ఇళ్లలో అన్నం తిని, ఆ అన్నం పెట్టిన చేతులను రాశారు. అంతటితో ఆగక, పాతవారి యాత్రారచనలను ఏరి కూర్చి తెలుగువారి ప్రయాణాలు అనే సంకలనం అందించారు. సొంత పుస్తకం రాసుకోవడం ఒక ఎత్తు, పూర్వీకుల అడుగులను వెతికి పెట్టడం మరో ఎత్తు.

ఇంత సంపద ఉన్న చోట ఇప్పుడు పొట్టు అమ్ముడుపోతున్నది. వారం రోజుల ప్యాకేజీ టూరులో బస్సు కిటికీలోనుంచి ఆరు దేశాలు చూసి, తిరిగి వచ్చిన నెలకే రంగుల బొమ్మలతో పుస్తకం వేయడం ఒక అలవాటుగా మారింది. అందులో గోపురం ఎత్తు, వంతెన పొడవు, కట్టిన రాజు పేరు ఉంటాయి, అవన్నీ గైడు చేతిలో పెట్టిన కరపత్రంలోవి. హోటల్లో దొరకని పెరుగన్నం గురించి రెండు పుటలు ఉంటాయి. విమానం టికెట్టు ధర ఉంటుంది. దేశం మాత్రం ఉండదు. ఆ ఊరి మనిషి ఒక్కడైనా ఆ పుస్తకంలో నోరు విప్పి మాట్లాడడు, ఏ పిల్లవాడూ దారి చూపడు, ఏ ముసలమ్మా మంచినీళ్లు ఇవ్వదు. కొందరైతే ఇంటర్నెట్టులోని సమాచారాన్ని తెలుగుచేసి తమ అనుభవంగా అచ్చు వేసుకుంటున్నారు. వీరాస్వామయ్య నూరుమందిని వెంటబెట్టుకుని బావినీళ్ల రుచి చూసి రాసిన జాతిలో, వెళ్లని వీధిని చూసినట్టు రాసేవారికి సన్మానాలు జరగడం సిగ్గుచేటు. ఇది ప్రవరుడి పాదలేపంకంటే హీనం. ప్రవరుడు కనీసం హిమాలయానికి వెళ్లాడు.

వయసు మీరినవారు, డబ్బు తక్కువైనవారు ప్యాకేజీల్లో వెళ్లడంలో తప్పేమీ లేదు. తప్పు రాయడంలో ఉన్నది. బస్సు దిగిన పావుగంటలోనైనా ఒక దుకాణదారుణ్ణి పలకరించి, అతడు ఏమి అమ్ముతాడో, ఎవరు కొంటారో, అతడి దేవుడు ఎవరో అడిగి రాస్తే అది యాత్రాచరిత్ర అవుతుంది. కాలినడకన వెయ్యి మైళ్లు పోయినా తన గురించే రాసుకుంటే కాదు.

కాశీయాత్ర చరిత్రలోని కొన్ని మజిలీలను ఉన్నత పాఠశాల తెలుగు వాచకాల్లో చేర్చాలి. ప్రణవానంద గ్రంథాలను మంచి తెలుగులో, పటాలతో సహా అందరికీ అందే వెలకు ప్రచురించాలి. అంతకంటే ముందు పాఠకులు తమ ఇళ్లలో చేయవలసిన పని ఒకటి ఉన్నది. తాతలు, అమ్మమ్మలు కాశీకో, బదరికో, పుష్కరానికో వెళ్లినప్పుడు ఖర్చులు రాసుకున్న నోటుపుస్తకాలు ఇంకా అటకలమీద, ట్రంకుపెట్టెల్లో పడి ఉన్నాయి. వాటిలో బస చేసిన సత్రం పేరు, పడవవాడికి ఇచ్చిన అణాలు, కొన్న గంగచెంబు వెల ఉంటాయి. ఇల్లు సర్దేటప్పుడు వాటిని పాత కాగితాలవాడికి వేయకుండా, దగ్గరలోని గ్రంథాలయానికో విశ్వవిద్యాలయ తెలుగు శాఖకో చేర్చండి.