గిరాకీ తగ్గినప్పుడే తెలిసే పనితనం

గద్వాల చీరకు ఒళ్లు నూలుది, అంచు పట్టుది. ఆ రెండింటినీ కలిపే నేర్పు నేతన్నది. ఆ చీరను ఊరు దాటించే వెబ్‌సైట్ వెనకా అలాంటి నేర్పే ఉంటుంది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ లాంటి ఊళ్లలో ఒకరిద్దరితోనే నడిచే వెబ్ పనివాళ్లను అందుకే మనసారా మెచ్చుకోవాలి.

2020 మార్చిలో లాక్‌డౌన్‌తో దుకాణాలు మూతపడ్డాయి. చేతిలో డబ్బు ఆడని అలాంటి రోజుల్లో వ్యాపారి ముందుగా వాయిదా వేసేది కొత్త సైటునే. డొమైన్, హోస్టింగ్ గడువులు మాత్రం ఆగవు. డొమైన్ గడువు దాటితే ఆ సైటు పేరు మరొకరి పాలు కావచ్చు. పనిమంతులు అప్పుడే తెలుస్తారు. గడువు ముందే గుర్తుచేస్తారు, బ్యాకప్ తీసి పెడతారు. సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్నచోటా పేజీ తెరుచుకునేలా ఫొటోల సైజు తగ్గిస్తారు, జరీ రంగు మాత్రం చెడనివ్వరు. అక్కర్లేని హంగులు వద్దని చెప్పి తమ బిల్లు తామే తగ్గించుకుంటారు. మిగిలింది వాయిదాల్లో తీసుకుంటారు. డొమైన్‌ను వ్యాపారి పేరు మీదే రిజిస్టర్ చేసి, పాస్‌వర్డులు ఆయన చేతికే ఇస్తారు.

ఈ నిజాయితీయే వాళ్ల పెట్టుబడి. గిరాకీ మళ్లీ పుంజుకున్నాక వ్యాపారి మొదటి ఫోన్ వాళ్లకే చేయాలి. అది దయ కాదు, వాళ్లు సంపాదించుకున్న హక్కు.