సూదిబెజ్జపు దారి

గత వారము ఒక దినపత్రికలో, తల తెరువకుండనే ఒక బాలుని మెదడులోని అన్యూరిజమును మాన్పిరన్న వార్త పెద్ద అక్షరములతో వచ్చినది. ఆ బిడ్డ కోలుకొని మరల బడికి పోవుచున్నాడని చదివి కలిగిన సంతోషము ఇంతయని చెప్పజాలను. కాని అది చిటికెలో ముగిసిన పని యన్నట్లు వ్రాసిన తీరు నన్ను ఈ వారమంతయు బాధించుచునే యున్నది. చర్మముపై గాటు సూదిబెజ్జమంతయే యైనంత మాత్రమున లోన జరిగినది అల్పమైన పని యని యెంచుట, చేతిపనిని దగ్గరనుండి చూడనివారికి సహజమేమో గాని, ఈ శీర్షికను ఏండ్లతరబడి చదువుచున్నవారు అట్లు భ్రమపడరని నా నమ్మకము.

ధమని గోడలో బలహీనమైన చోట రక్తపు ఒత్తిడికి లేచిన ఉబ్బు అన్యూరిజము. పెద్దలకు దీనిని వివరించునపుడు అరిగిన సైకిలు ట్యూబుపై లేచిన బుడిపెను ఉదాహరించుట కలదు. పొగత్రాగుటయు, అదుపుతప్పిన రక్తపోటును గోడను అరుగదీసినవని అర్థము. బిడ్డ విషయమున ఈ పోలిక నిలువదు, ఏలయన అరుగుటకు వ్యవధియే లేదు. మొత్తము అన్యూరిజములలో బాలలవి నూటికి ఐదింటికి లోపే. అవియు మగపిల్లలలో హెచ్చు, తరచు పెద్దవి. కొన్ని గోడ పొరలు చీలుటచేతను, కొన్ని తలకు దెబ్బ తగులుటచేతను, కొన్ని సూక్ష్మజీవులచేతను కలుగును. ఈ కడపటిదానిని గూర్చి నా పాఠకులకు క్రొత్తగా చెప్పనక్కరలేదు: నిర్లక్ష్యము చేసిన గొంతునొప్పి కీళ్లవాత జ్వరమై, గుండె కవాటమును చెరచి, ఆ కవాటముపై సూక్ష్మజీవులు గూడుకట్టి, అందుండి ఊడిన తునక యొకటి మెదడు ధమనిలో చిక్కుకొని గోడను తినివేయును. వారములు లెక్కపెట్టి పెన్సిలిన్ సూదిమందు వేయింపుడని నేను మాటిమాటికి వ్రాయుటకు ఇదియు నొక కారణము.

ఇక పని యెట్టిదన: గజ్జలోని ధమనికి సూది గ్రుచ్చి, ఆ బెజ్జము గుండ సన్నని గొట్టమును చొప్పించి, బృహద్ధమనిలో పైకి నడిపి, మెడలోని ధమనిని పట్టుకొని, దానిలోనుండి మిల్లీమీటరు లావైనను లేని మైక్రోక్యాథెటరును ఉబ్బు ముఖద్వారము వరకు చేర్చి, ప్లాటినపు తీగచుట్టలను ఒకదాని వెనుక నొకటిగా నింపి, లోనికి రక్తము పోకుండ చేయుట. దీనినే కాయిలింగ్ అందురు. చేతికిని పని జరుగు చోటికిని నడుమ దేహమంతయు అడ్డముండగా, వైద్యుని కన్నులు ముందునుండియు ప్రక్కనుండియు తీయు ఎక్స్‌రే బొమ్మలపైననే నిలిచియుండును. క్యాథెటరు కొనను ఆ ధమని వంపునకు తగినట్లు ఆవిరిపై పట్టి వంచుకొనుట నేటికిని చేతితోనే జరుగుచున్నది. యంత్రము వచ్చినచోట హస్తలాఘవము అంతరించునని వాదించువారికి నేను ఈ ఆవిరినే చూపుదును. మూడు కిలోల పసికందు దేహమున నున్న రక్తము సుమారు పావు లీటరు. కావున ధమనులు కనబడుటకు ఎక్కించు కాంట్రాస్టు మందును, గొట్టమును కడుగు సెలైనును చుక్కలతో లెక్కింపవలసినదే. పెద్దల తొడలో లెక్కకు రాని గొట్టము పసివాని ధమనిని చాలవరకు నింపివేసి కాలికి రక్తము అందకుండ చేయగలదు.

ఈ విద్య చరిత్రలో నేను మరల మరల తలచుకొను ఘట్టమొకటి కలదు. 1959 మే దినోత్సవమున మాస్కోలోని రెడ్ స్క్వేరునందు పిల్లలు దారములు పట్టుకొని ఆడించుచున్న బెలూనులను చూచి ఫ్యోదర్ సెర్బినెంకో యను శస్త్రవైద్యునికి ఒక ఊహ తట్టినదని చెప్పుదురు: రక్తప్రవాహమే గాలిగా, సన్నని గొట్టమే దారముగా, చిన్న బెలూను నొకదానిని మెదడు ధమనులలోనికి ఏల పంపరాదు? అట్టి బెలూనులు ఏ దుకాణమునను దొరకవు గనుక, బుర్దెంకో నాడీశస్త్రచికిత్సా సంస్థలో తానే వానిని చేసికొని, ఏండ్లతరబడి శ్రమించెను; 1974లో ఆయన ప్రకటించిన వ్యాసముతో ప్రపంచ వైద్యుల దృష్టి అటు మరలినది. అయితే బెలూను తన ఆకారమును పలుచని ఉబ్బుపై రుద్దును. ఒక్కొక్కప్పుడు దానిని పగులగొట్టును. ఇటలీ వైద్యుడు గ్విదో గుల్యెల్మి, విద్యుత్తుతో రక్తమును గడ్డకట్టించు ప్రయోగములలో తీగ కొన కరగి ఊడిపోవుటను గమనించి, ఆ లోపమునే సాధనముగా మలచెను. మెత్తని ప్లాటినపు చుట్టను ఉక్కుతీగకు అతికి, కుదురుగా అమరినదని నమ్మిన పిమ్మటనే స్వల్ప విద్యుత్తుచే విడిపించు ఆ పద్ధతిని 1990లో లాస్ ఏంజిలిస్‌లో తొలిసారి రోగికి ఉపయోగించిరి. అమరనిచో వెనుకకు లాగుకొనవచ్చును. ఆ సాధనమునందలి దయ యంతయు ఇందే యున్నదని నా అభిప్రాయము.

ఇంత మెచ్చిన తరువాత త్రాసు ఇటే మొగ్గవలసినది. 2002లో లాన్సెట్ పత్రికలో వెలువడిన పరీక్ష 2143 మందిని పరిశీలించి, ఏడాది పిమ్మట మరణించినవారును పరాధీనులైనవారును కాయిలింగ్ పక్షమున నూటికి ఇంచుమించు 24, తల తెరచి క్లిప్పు వేసిన పక్షమున 31 అని తేల్చినది. కాని వారి సగటు వయస్సు ఏబది దాటినది. పదియేండ్ల బిడ్డ ముందు అరువదేండ్ల జీవితము కలదు. చుట్టలు క్రమముగా నొక్కుకొనిపోయి ఉబ్బులోనికి రక్తము మరల చొరబడవచ్చును గనుక ఏండ్లతరబడి పరీక్షలు, వానిలో కొన్నిటితో పెరుగుచున్న కణములపై ఎక్స్‌రే కిరణములు తప్పవు. ఫ్లో డైవర్టర్ అను జాలిగొట్టమును నిలిపినచో, పరుగెత్తి పడి మోకాళ్లు చీల్చుకొను వయస్సున నెలలకొలది రక్తము గడ్డకట్టనీయని మందులు మ్రింగవలెను. 1937లో బాల్టిమోరునందు వాల్టర్ డాండీ వెండిక్లిప్పుతో ఆరంభించిన పాతవిద్య, ఉబ్బు మెడ, అనగా ధమనిని అంటుకొనిన మొదలు, స్పష్టముగానుండి చేతికందు చోట, ఒకనాటి పెద్ద బాధతో ఈ దశాబ్దముల తిరుగుడును చాలవరకు తప్పింపగలదు. గాటు ఎంత చిన్నదైన అంత మేలని ఈ శీర్షికలో పలుమార్లు వ్రాసితిని. పెద్దల విషయమున నేటికిని అదియే నా మాట. బిడ్డ విషయమున గాటును చర్మముపై గాక ఆయుర్దాయముపై కొలిచినచో, కపాలము తెరచుటయే కొన్నియెడల తక్కువ గాయము.

అయితే ధమని నిడివియంతయు ఉబ్బినచోట క్లిప్పునకు మెడయే దొరకదు; అప్పుడు తరచు లోపలి దారియే దారి. కావున రెండు విద్యలు నేర్చినవారు కలిసి బొమ్మలు చూచి నిర్ణయించు చోటికి బిడ్డను చేర్చవలెను. శ్రీకాకుళమునుండియో ఆదిలాబాదునుండియో నగరమునకు వచ్చిన తల్లిదండ్రులు, ఏ పద్ధతి యని అడుగుటతో ఆగక, తిరుగు పరీక్షలు ఎన్ని, ఎన్నేండ్ల వరకు, వాని ఖర్చు ఎవరిది యని కూడ అడిగి వ్రాయించుకొనవలెను. తల తెరువలేదన్న ఆనందముతో ఇంటికి పోయి, చెప్పిన గడువునకు పరీక్షకు మరల రాని బిడ్డ ఇంకను అపాయములోనే యుండవచ్చును.