పలకకు ముందు చెవి

ఒకటో తరగతిలో డిక్టేషన్ చెబుతూ పిల్లల పెదాల వంక చూడడం నాకు అలవాటు. "మామిడి" అనగానే కొందరు బలపం ఎత్తకముందే మా... మి... డి అని గొణుక్కుంటారు. కొందరు మాట మొత్తాన్ని ఒక్క గుక్కలో మింగేసి నా మొహం చూస్తారు. ఏడాది చివర ఎవరి పలక మీద తప్పులు తగ్గుతాయో ఆ గొణుగుడే చాలావరకు ముందే చెప్పేస్తుంది.

దీన్ని కొలిచి చూపించింది ఆక్స్‌ఫర్డ్‌లో లినెట్ బ్రాడ్లీ, పీటర్ బ్రయంట్. ఇంకా చదవడం రాని నాలుగైదేళ్ల పిల్లలు సుమారు 400 మందికి చిన్న చిన్న మాటలు మూడో నాలుగో వినిపించి, వాటిలో జతపడనిదేదో పట్టుకోమన్నారు. ఒకసారి మొదటి ధ్వని తేడా, ఒకసారి మధ్యది, ఒకసారి చివరిది. ఏళ్లు గడిచాక వాళ్లకే చదువులో, స్పెల్లింగులో పరీక్ష పెట్టారు. అప్పుడు చెవి చురుకుగా ఉన్నవాళ్లే ఇప్పుడూ ముందున్నారు. తెలివితేటల తేడాను పక్కకు తీసినా ఆ సంబంధం నిలిచింది, లెక్కల్లో మాత్రం కనబడలేదు. 1983లో 'నేచర్' పత్రికలో ఈ సంగతులు అచ్చయ్యాయి. అదే పరిశోధనలో, ఈ ఆటలో వెనకబడ్డ 65 మందిని విడదీసి రెండేళ్లు తర్ఫీదిచ్చారు కూడా. ధ్వనుల ఆటతో పాటు ప్లాస్టిక్ అక్షరాలు కూడా చేతికందిన పిల్లలు స్పెల్లింగులో మిగతా గుంపుల్ని బాగా దాటిపోయారు. నాకు అన్నిటికంటే పనికొచ్చింది ఈ ముక్కే. విన్నదానికి వెంటనే ఒక ఆకారం దొరకాలి.

మొదట్లో కలిసే ధ్వని, లోపల కలిసే ధ్వని... మన పద్యం వాళ్లు యతి, ప్రాస అని పట్టుకు వేలాడేది ఇంచుమించు ఇదే. పిల్లి, బల్లి, తల్లి, కోతి అంటే "కోతి!" అని అరిచే నాలుగేళ్ల పిల్లకు ప్రాసలో సగం వచ్చేసినట్టే. ఆ ఈడులో చూచిరాత పేజీలు నింపించే బళ్లను చూస్తే నాకు ఒళ్లు మంట. చూసి గీయడానికి చెవితో పనేముంది?

అలాగని ఇంగ్లిషు పిల్లల సంగతి తెచ్చి మన పిల్లలకు అంటగడితే కుదరదు. మాటను అక్షరాలుగా విడగొట్టడం మనవాళ్లకు తొందరగానే వస్తుంది. చిక్కంతా అక్షరం లోపల. 'కి'లో ఒక హల్లూ ఒక అచ్చూ ఉన్నాయని తెలియడానికి చాలా కాలం పడుతుంది. మన లిపికి తోబుట్టువైన కన్నడంలో సొనాలీ నాగ్ 2007లో ప్రచురించిన అధ్యయనంలోనూ ఈ ఆలస్యం కనిపించింది. అక్షరాలన్నీ పట్టుబడడానికే అక్కడి పిల్లలకు ఏళ్లు పడుతోంది. అందుకే గుణింతాన్ని పాతకాలపు బట్టీ అని కొట్టిపారేసేవాళ్లతో నాకు పడదు. హల్లు కదలకుండా అచ్చు మారుతూ పోవడం పిల్లాడు తన నోటితోనే వింటాడు. కాకపోతే వరస తప్పించి అడగాలి. 'కూ' అయ్యాక 'మి' అడిగితే తడబడేవాడికి ఇంకా పాటే వచ్చింది.

బడి మొహం చూడకముందే సొంతంగా రాసుకునే అమెరికా పిల్లల కాగితాల్ని చార్లెస్ రీడ్ అనే భాషావేత్త 1970ల మొదట్లో శ్రద్ధగా చదివాడు. 'ట్రక్' మొదట్లో వాళ్లు 'చ' ధ్వనికి వాడే అక్షరాలు పెట్టారు. ఇంగ్లిషువాళ్ల నోట్లో ఆ 'ట్ర' నిజంగా 'చ్ర'కు దగ్గరగానే పలుకుతుంది. పెద్దవాళ్లకు వినబడనిది వాళ్లు విన్నారన్నమాట.

మన పలకల మీదా ఇలాంటివి దొరుకుతాయి. 'అక్క' అని చెబితే ఒక పిల్ల 'అకక' రాస్తుంది, ఇంకొకడు 'అక' రాస్తాడు. రెంటికీ ఒకే ఇంటూ కొట్టడం నాకు అన్యాయంగా తోస్తుంది. ఆ పిల్ల రెండు కకారాలూ విన్నది, ఒత్తు ఇవ్వడం తెలియదంతే. బలపం తీసుకుని చూపిస్తే అయిపోతుంది. రెండోవాడితో బలపం పక్కన పెట్టించాలి. గద, గద్ద... మొల, మొల్ల... వాడి చేత పలికించి, తేడా ఎక్కడుందో వాణ్నే చెప్పమంటాను. వాడితో వారం పట్టొచ్చు, నెల పట్టొచ్చు.

చెవి కూడా చేతులెత్తేసే చోట్లున్నాయి. 'శ'కీ 'ష'కీ మన నోళ్లలో తేడా ఎంత మిగిలిందని? 'భాష'ను 'బాస' అనే ఇంట్లో పెరిగినవాడు బాస అనే రాస్తాడు. ఆ తేడాలు కంటితో పట్టుబడాల్సినవి, బొమ్మల పుస్తకాలు పదేపదే తిరగేస్తేనే వస్తాయి. మూడో తరగతి దాకా వాటికి నేను మార్కులు కోయను. "మావాడి తప్పుకి రైటెలా కొట్టారు టీచర్?" అని పేరెంట్స్ మీటింగులో నిలదీస్తారు. అదే పలక మీద వాడు ద్విత్వాలూ దీర్ఘాలూ ఒక్కటీ వదలకుండా పెట్టింది చూపిస్తాను. సగం మంది ఒప్పుకోరు.