తాళం తిప్పితే టక్కుమని ఆగిపోతే

బండి సెల్ఫ్ తీసుకోవడం లేదంటే చాలామంది మొదట అనుమానించేది బ్యాటరీనే. కొత్తది కొంటారు. కొన్నాళ్లు బాగానే ఉంటుంది, మళ్లీ అదే వరస. అప్పుడు సెల్ఫ్ మోటారు విప్పిస్తారు, ఆ తర్వాత కాయిల్ మార్పిస్తారు. డబ్బు పోతుంది గాని రోగం పోదు. పాతతరం ఆటో ఎలక్ట్రీషియన్ పనితీరు వేరు. బ్యాటరీలో బయల్దేరిన కరెంటు ఎక్కడిదాకా వచ్చింది, ఎక్కడ నీరసించింది అన్నది తేలేదాకా అతను ఏ పార్టూ మార్చడు. పాత కార్లను బతికిస్తున్నది ఈ నియమమేనని నా గట్టి నమ్మకం. దాన్ని చూపించడానికి అంబాసిడర్‌ను మించిన బండి లేదు.

బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నమూనాతో 1950ల చివర్లో మొదలై, బెంగాల్‌లోని ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో 2014 దాకా తయారైన కారు ఇది. పెట్రోలు అంబాసిడర్లలో చాలాకాలం ఉన్నది 1489 సీసీ ఇంజను. డిజైనుతోపాటే బ్రిటిష్ వాళ్ల లూకాస్ వైరింగ్ పద్ధతీ మన దేశానికి వచ్చింది. 1960ల మొదట్లో మద్రాసు దగ్గర పాడిలో లూకాస్-టీవీఎస్ పెట్టాక డైనమోలు, సెల్ఫ్ మోటార్లు, డిస్ట్రిబ్యూటర్లు ఇక్కడే తయారయ్యాయి. మన ఊళ్లలో ట్యాక్సీగానూ, కలెక్టరు గారి కారుగానూ తిరిగిన బండి కాబట్టి విజయవాడ ఆటోనగర్ నుంచి చిన్న తాలూకా కేంద్రం దాకా దాని వైరింగ్ చూసే చేతులు తయారయ్యాయి.

పరీక్ష చెవితో మొదలవుతుంది. తాళం తిప్పితే ఏ చప్పుడూ లేకపోవడం ఒక రోగం. టక్ అని ఒక్కసారే కొట్టి ఆగిపోవడం ఇంకొకటి. టకటకటకమని ఆగకుండా కొట్టుకుంటే సోలినాయిడ్, అంటే మోటారుకు కరెంటు కలిపే స్విచ్చి, లాగుతోంది, అంతలోనే వోల్టేజి పడిపోయి వదిలేస్తోంది, మళ్లీ లాగుతోంది అని అర్థం. బ్యాటరీ అయినా బలహీనం, లేదా ఏదో జాయింటు చెడింది. మోటారు సుయ్‌మని తిరుగుతూ ఇంజను మాత్రం కదలకపోతే కరెంటు తప్పేమీ లేదు. పాత లూకాస్ సెల్ఫ్‌లో మోటారు తిరిగిన విసురుకే పినియన్ మరల మీద ముందుకు జరిగి ఫ్లైవీల్ పళ్లను పట్టుకోవాలి. ఆ మరలో గ్రీజు, దుమ్ము కలిసి గట్టిపడితే అది జరగదు. కిరసనాయిలుతో కడిగి ఆరబెడితే చాలు. మళ్లీ గ్రీజు పూస్తే దుమ్మును మనమే పిలిచినట్టు.

చెవి తర్వాత కన్ను. హెడ్‌లైట్లు వేసి సెల్ఫ్ కొట్టి చూడాలి. ఖర్చు లేని ఈ పరీక్షను మించింది నాకు తెలిసి మరొకటి లేదు. లైట్లు ఏమాత్రం తగ్గకుండా వెలుగుతూ మోటారు ఉలకక పలకక ఉంటే, కరెంటు మోటారుదాకా వెళ్లడమే లేదు. స్విచ్చి, సన్నవైరు, సోలినాయిడ్ లోపలి కాంటాక్టులు చూడాలి. లైట్లు పూర్తిగా చచ్చిపోతే బ్యాటరీ ఖాళీ అయి ఉండాలి, లేదా టెర్మినల్ వదులై ఉండాలి, లేదా పినియన్ పళ్లలో ఇరుక్కుపోయి ఉండాలి. ఇరుక్కుంటే బండిని టాప్ గేరులో పెట్టి, తాళం ఆపు చేసి, ముందుకూ వెనక్కూ ఊపుతారు. మోటారు చివర షాఫ్టుకు చదరంగా చెక్కిన కొస ఉంటే, దాన్ని స్పానరుతో తిప్పినా విడిపోతుంది. అదెందుకు చెక్కారో తెలియని కుర్రవాళ్లు మోటారంతా విప్పుతారు.

బానెట్ ఎత్తాక ఇంకో సౌకర్యం ఉంది. ఆ తరం లూకాస్ సోలినాయిడ్లు కొన్నింటికి వెనక రబ్బరు బొడిపె ఉంటుంది. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ లాగి, ఆ బొడిపెను వేలితో నొక్కితే తాళంతో పని లేకుండా సెల్ఫ్ తిరుగుతుంది. తిరిగిందా, లోపం తాళం వైపు ఉంది. తిరగలేదా, లావు కేబుళ్ల వైపో మోటారులోనో ఉంది. ఒక్క నొక్కుతో వైరింగు సగానికి సగం విచారణలోంచి తప్పుకుంటుంది.

ఇక అసలు చోటుకు వద్దాం. షెడ్డులో అందరి దగ్గరా టెస్ట్ ల్యాంపు ఉంటుంది: చిన్న బల్బు, రెండు వైర్లు, ఒక క్లిప్పు. సన్నవైర్లలో కరెంటు ఉందో లేదో చెప్పడానికి అది చాలు. కానీ సెల్ఫ్‌కు వెళ్లే లావు కేబులు దగ్గర దాని మాట నమ్మకూడదు. లెక్క చూడండి. తుప్పు పట్టిన ఒక జాయింటులో ఓమ్‌లో నూరో వంతు, అంటే 0.01 ఓమ్, నిరోధం ఉందనుకుందాం. 5 వాట్ల బల్బు తాగేది అర ఆంపియరు కూడా కాదు. అంత కరెంటుకు ఆ జాయింటులో పోయేది వోల్టులో వెయ్యో వంతుల్లోనే. బల్బు నిండుగా వెలుగుతుంది. అదే జాయింటు గుండా సెల్ఫ్ 200 ఆంపియర్లు లాగితే అక్కడికక్కడే 2 వోల్టులు మాయం. 400 వాట్ల వేడి అక్కడ పుడుతుంది. అందుకే బాగా చేయి తిరిగినవాళ్లు కొద్ది సెకన్లు సెల్ఫ్ కొట్టించి, ఆపించి, జాయింట్లను ఒక్కొక్కటిగా వేళ్లతో తాకుతారు. వేడిగా ఉన్నదే దొంగ.

వోల్టుమీటరు ఉంటే వేళ్లు కాల్చుకోనక్కర్లేదు. కొలత మాత్రం సెల్ఫ్ తిరుగుతుండగానే తీసుకోవాలి. ఇంజను అంటుకోకుండా డిస్ట్రిబ్యూటరుకు వెళ్లే సన్నవైరు ముందే ఊడదియ్యాలి. నిలకడగా ఉన్నప్పుడు నిండు బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తుంది. సెల్ఫ్ కొడుతుండగా 9.6 కంటే కిందికి పోతే బ్యాటరీని అనుమానించాలి. పోకుండా మోటారు నీరసంగా తిరుగుతుంటే, మీటరు ఒక కొసను బ్యాటరీ సీసపు పోస్టు మీద, రెండో కొసను దానికి బిగించిన క్లాంపు మీద పెట్టండి. పోస్టు మీదే పెట్టాలి, క్లాంపు మీద రెండూ పెడితే ఏమీ తెలియదు. ఆ రెండింటి మధ్య సున్నా దగ్గర ఉండాలి. అక్కడే ఒక వోల్టు కనిపిస్తే కొత్త బ్యాటరీ కొనాల్సిన పని లేదు. వేడినీళ్లు పోసి తెల్లపొడి కడిగి, గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన కాస్త వ్యాసలీన్ రాస్తే పని అయిపోతుంది. అలాగే ఒక్కో జాయింటు దాటుకుంటూ మోటారుదాకా వెళ్లాలి. ఆ దారి మొత్తం మీద అర వోల్టు మించి పోకూడదు.

వెళ్లిన కరెంటు తిరిగి రావాలి కదా, ఆ తిరుగుదారిని చాలామంది మరిచిపోతారు. ఇంజను రబ్బరు మౌంటింగుల మీద కూర్చుని ఉంటుంది, రబ్బరు కరెంటును పోనివ్వదు. అందుకని ఇంజనుకూ ఛాసీకీ మధ్య అల్లిన రాగి పట్టీ ఒకటి ఉంటుంది. గేర్‌బాక్సు దించినప్పుడు దాన్ని విప్పి మళ్లీ బిగించడం మరిచిపోతారు, లేదా పెయింటు మీదే బిగిస్తారు. అప్పుడు ఆ 200 ఆంపియర్లు దొరికిన ఇనుము పట్టుకుని బయటపడాలని చూస్తాయి. చోక్ వైరో, యాక్సిలరేటరు వైరో వాటికి దారి అవుతుంది. సెల్ఫ్ కొట్టాక చోక్ నాబ్ వేడెక్కినా, ఆ వైరు పైపూత కాలిన వాసన వచ్చినా ఇంకేమీ వెతకనక్కర్లేదు, నేరుగా ఎర్త్ పట్టీ దగ్గరికి వెళ్లండి. జంపర్ కేబులు ఒకటి తెచ్చి ఇంజను లోహానికీ బ్యాటరీ ఎర్త్ పోస్టుకూ కలిపి చూస్తే, అంతదాకా మూలిగిన మోటారు గిర్రున తిరుగుతుంది.

ఇంజను బాగా తిరుగుతూ కూడా అంటుకోకపోతే అప్పుడు నిప్పురవ్వ వైపు చూడాలి. 1912 నాటి కాడిలాక్‌కు సెల్ఫ్ స్టార్టరు ఇచ్చిన చార్లెస్ కెటరింగే, అంతకు కొంచెం ముందు బ్యాటరీ, కాయిల్, పాయింట్లతో నడిచే ఇగ్నిషన్‌నూ రూపొందించాడు. రెండూ తాగేది ఒకే బ్యాటరీ నీళ్లు. సెల్ఫ్ వల్ల వోల్టేజి 8కి పడిపోతే కాయిల్‌కు అందేదీ ఆ ఎనిమిదే. రవ్వ పలచబడుతుంది. కాబట్టి "తోస్తే వెంటనే స్టార్ట్ అవుతోందండీ, సెల్ఫ్ కొడితేనే కావట్లేదు" అని డ్రైవరు చెప్పే మాట ఫిర్యాదు మాత్రమే కాదు, సగం రోగనిర్ణయం. పాయింట్లు, ప్లగ్గులు, కాయిల్ దాదాపు బాగున్నట్టే.

తోసినా కాకపోతే టెస్ట్ ల్యాంపు మళ్లీ చేతికి వస్తుంది. కాయిల్ మీద డిస్ట్రిబ్యూటరు వైపు టెర్మినల్‌కూ ఎర్త్‌కూ మధ్య బల్బు పెట్టి, తాళం ఆన్ చేసి, ఇంజను తిప్పాలి. పాయింట్లు తెరుచుకున్నప్పుడు వెలగాలి, మూసుకున్నప్పుడు ఆరాలి. వెలిగే ఉంటే పాయింట్లు మూసుకోవడం లేదు, లేదా వాటి ముఖాలు మసిబారాయి. అసలు వెలగకపోతే కాయిల్‌కు కరెంటు రావడం లేదు, లేదా పాయింట్లో కండెన్సరో ఎర్త్ అయింది. లూకాస్ డిస్ట్రిబ్యూటరు పాయింట్ల ఖాళీ 14 నుంచి 16 థౌ, అంటే 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. పాయింట్ల మధ్య రవ్వ చిటచిటలాడి ముఖాలు నల్లబడుతుంటే కండెన్సరు పోయినట్టు.

ఇన్ని పరీక్షలు సాధ్యమయ్యాయంటే ఆ వైరింగ్ కంటికి కనిపించేలా ఉండటమే కారణం. లూకాస్ పద్ధతిలో గోధుమరంగు వైరు బ్యాటరీ నుంచి నేరుగా వచ్చేది, తెలుపు తాళం తిప్పాక వచ్చేది, ఆకుపచ్చ ఫ్యూజు దాటాక వెళ్లేది, నలుపు ఎర్త్. ఈ నాలుగు రంగులు గుర్తుంటే బొమ్మ లేకుండానే బండి చదవవచ్చు. మధ్యలో ఎవరో చేతికందిన రంగు వైరు అతికినప్పుడే చదువు చెడుతుంది. అతుకు వెయ్యాల్సి వస్తే అదే రంగు వెతికి వెయ్యమని పట్టుబట్టే మేస్త్రీలంటే నాకు గౌరవం. తర్వాత వచ్చేవాడి పని గురించి కూడా ఆలోచించేవాళ్లు వాళ్లు.

2021 జులైలో కేంద్రం 50 ఏళ్లు దాటిన బళ్లకు వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధనలు తెచ్చింది. నంబరులో 'వీఏ' అక్షరాలు ఉంటాయి. ఛాసీ, బాడీ, ఇంజను అసలు రూపంలోనే ఉండాలని షరతు. తొలి అంబాసిడర్లు ఆ వయసు ఎప్పుడో దాటాయి. వాటి సెల్ఫ్ మోటారు నీరసిస్తే మొత్తంగా పారేసి వేరే బండిది బిగించే అలవాటు ఇప్పుడు ఎక్కువైంది. కానీ ఆ మోటారులో అరిగేవి ముఖ్యంగా కార్బన్ బ్రష్‌లు, షాఫ్టు తిరిగే బుష్‌లు. బుష్ లేతు మీద చేయించవచ్చు. కొంచెం పెద్ద సైజు బ్రష్ తెచ్చి ఆకురాయితో అరగదీసి కూర్చోబెట్టవచ్చు. కమ్యుటేటరును సన్న గరుకు కాగితంతో తుడిచి, స్ప్రింగుల బిగువు చూసి మూసేస్తే, అదే మోటారు అదే ఇంజనును ఇంకా ఏళ్ల తరబడి తిప్పుతుంది.